నీలి కాక్టస్‌కు వేపనూనె కొట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మిద్దెతోటల శీర్షికల్లో కాక్టస్ మాట వచ్చినప్పుడు తరచూ రెండు సలహాలు కనిపిస్తుంటాయి. వారానికి రెండు చెంచాల నీళ్లు చాలన్నది ఒకటి. పురుగు కనిపిస్తే వేపనూనెలో సబ్బునీళ్లు కలిపి కొట్టమన్నది రెండోది. బెండకూ వంగకూ వేపనూనె మంచి మందే, కాదనను. కానీ నర్సరీల్లో బ్లూ బ్యారెల్ పేరుతో అమ్మే నీలి పీపా కాక్టస్‌కు ఈ రెండూ చేటే. మొదటి సలహా మొక్కను నెమ్మదిగా చంపుతుంది. రెండోది ఒక్కపూటలో దాని రంగు పోగొడుతుంది. ఎందుకో వివరంగా చెబుదామని ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించాలి.

ఈ మొక్క శాస్త్రీయ నామం ఫెరోకాక్టస్ గ్లాసెసెన్స్. స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు డి కండోల్ 1828లో దీన్ని మొదట వర్ణించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు 1922లో బ్రిటన్, రోజ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు స్థిరపరిచారు. దీని పుట్టిల్లు మెక్సికోలోని ఇడాల్గో, కెరెతారో, గ్వానహ్వాతో, సాన్ లూయిస్ పొతోసీ రాష్ట్రాల సున్నపురాతి కొండవాలులు. ఇడాల్గోలో మెట్స్‌టిట్లాన్ అనే లోతైన లోయ ఉంది. తెల్లజుట్టు ముసలి కాక్టస్ అనే మరో రకానికి పేరుపడ్డ ఆ లోయను 2000లో అక్కడి ప్రభుత్వం జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. మన నీలి కాక్టస్ అక్కడ రాళ్ల సందుల్లో, కొండ చరియల మీద పెరుగుతుంది.

చిన్నప్పుడు బంతిలా ఉండి, వయసు మీదపడేకొద్దీ పీపా ఆకారానికి వస్తుంది. అడుగున్నర ఎత్తు, దాదాపు అంతే వెడల్పు పెరగగలదు. ఒంటి మీద నిలువుగా 11 నుంచి 15 దాకా గట్లు ఉంటాయి. ముళ్లు లేత పసుపు రంగులో, అంగుళం పైచిలుకు పొడవుతో, కొక్కెం తిరగకుండా తిన్నగా ఉంటాయి. గోల్డెన్ బ్యారెల్‌తో దీన్ని పొరబడేవారు చాలామంది. అది వేరే జాతి. దాని చర్మం ఆకుపచ్చ, గట్లు ఇరవైకి పైన, ముళ్లు ఒంటిని కప్పేసేంత దట్టం. నీలి కాక్టస్‌కు ముళ్లు పలచన. గట్లకూ గట్లకూ మధ్య చర్మం విశాలంగా కనిపిస్తుంది. అసలు చూడాల్సింది ఆ చర్మాన్నే.

ఆ నీలం చర్మంలో ఉన్న రంగు కాదు. కింద చర్మం ఆకుపచ్చగానే ఉంటుంది. దాని మీద మొక్క తనంతట తాను పూసుకున్న మైనపు పొర ఉంటుంది. బూడిద గుమ్మడికాయ మీద తెల్లటి బూడిద ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే, కాకపోతే మరీ సన్నం. కంటికి కనపడనంత చిన్న మైనపు రేణువులు వెలుతురును చెదరగొట్టడం వల్ల మనకు నీలి బూడిదరంగు కనిపిస్తుంది. ఆ పొర మొక్కకు సింగారం కోసం కాదు. ఒంట్లో నీరు ఆవిరి కాకుండా ఆపుతుంది, మండే ఎండను కొంత తిప్పికొడుతుంది, వాన చినుకు నిలవకుండా జారిపోయేలా చేస్తుంది.

చిక్కు ఏమిటంటే, ముదిరిన చర్మం మీద ఒకసారి పోయిన పూత మళ్లీ మునుపటిలా రాదు. నడినెత్తిన కొత్తగా పుట్టే చర్మం మాత్రమే తాజా పూతతో వస్తుంది. మొక్క పెరుగుదల ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లు మించదు. అంటే ఈరోజు బొటనవేలితో రుద్దిన మరక కొన్నేళ్లపాటు పక్కకు జరుగుతూ కిందికి దిగుతూ కనిపిస్తూనే ఉంటుంది. ఇక వేపనూనె సంగతి చూడండి. నూనె ఆ రేణువుల మధ్యకు ఇంకి వాటిని కలిపేస్తుంది, సబ్బు మిగిలినదాన్ని కడిగేస్తుంది. నీలం పోయి మెరిసే ముదురాకుపచ్చ మచ్చలు మిగులుతాయి. ఆపైన నూనె పూసిన ఒంటికి ఏప్రిల్ ఎండ తగిలితే చర్మం కాలిపోతుంది. పుల్లమజ్జిగ, పంచగవ్య, ఆకులు మెరవడానికి అమ్మే స్ప్రేలు, దుమ్ము తుడవడానికి తడిగుడ్డ, ఇవేవీ దీని ఒంటికి తగలకూడదు. దుమ్ము పేరుకుంటే కెమెరా లెన్సుల మీద గాలి ఊదే రబ్బరు బుడ్డితో ఊదాలి. లేదా మే చివర పడే ఒక మంచి వానలో ఓ గంట ఉంచాలి.

మరి పిండినల్లి, అంటే ఒంటి మీద తెల్లటి పిండి కప్పుకుని రసం పీల్చే పురుగు, పడితే ఏం చేయాలి? ముళ్లు గుత్తిగా పుట్టే చోటును పెంపకందారులు ఏరియోల్ అంటారు. పిండినల్లి దాక్కునేది అక్కడే. మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సన్న బొమ్మల కుంచె ముంచి, ఆ ముళ్ల మొదట్లో మాత్రమే అద్దాలి. ఆల్కహాల్ కూడా మైనాన్ని కరిగిస్తుంది, కాబట్టి గట్ల మధ్య చర్మానికి తగలనివ్వకూడదు. పని సాయంత్రం నీడలో చేయాలి. గుడ్ల నుంచి కొత్త పిల్లలు వస్తాయి కాబట్టి వారం ఎడంతో మూడుసార్లు అద్దితేగాని వదలవు. పైన ఒక్క పురుగూ కనపడకుండా మొక్క నెలల తరబడి పెరగడం మానేసి, నీళ్లు పోసినా ఒళ్లు ముడతలు విప్పకపోతే వేళ్లలో చూడాలి. కుండీ లోపలి గోడకు తెల్లటి పిండిలాంటి పూత అంటుకుని ఉంటే అది వేరు పిండినల్లి. పాత మట్టి మొత్తం పారేసి, వేళ్లను నీళ్లతో కడిగి, వారం రోజులు నీడలో ఆరబెట్టి, మరుగుతున్న నీళ్లతో కడిగిన కుండీలో కొత్త మట్టిమిశ్రమంతో నాటాలి. మందు తప్పదనుకుంటే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందును డబ్బా మీది మోతాదుకు మించకుండా నీళ్లలో కలిపి మట్టిలోనే పోయాలి. పూలు పూసేటప్పుడు మాత్రం వద్దు, తేనెటీగలు చస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో పొడిగాలికి ఎర్రనల్లి అనే కంటికి ఆననంత చిన్న పురుగు వస్తుంది. నెత్తి దగ్గర లేత చర్మం మీద తుప్పులాంటి గోధుమరంగు గరుకుతనం మొదలైతే అదే. ఆ మచ్చ పోదు, వ్యాప్తిని ఆపుకోవడమే మన చేతిలో ఉన్నది. చీకటిపడ్డాక వాననీటిని సన్నటి తుంపరగా కొడితే నల్లి తగ్గుతుంది. గంధకం పొడి చాలామంది వాడతారు గానీ, 35 డిగ్రీలు దాటిన ఎండల్లో అది చర్మాన్ని కాలుస్తుంది, దాని మరక కూడా ఈ మొక్క మీద ఏళ్ల తరబడి నిలుస్తుంది.

చీమలు చేరగానే మందు కొట్టేవారికి ఒక మాట. ఫెరోకాక్టస్ జాతులన్నిటికీ ఏరియోల్ పైభాగంలో తీపి రసం ఊరే గ్రంథులుంటాయి. చీమలు దానికోసమే వస్తాయి. ఆ చీమలే ఇతర పురుగుల నుంచి మొక్కకు కాపలా కాస్తాయి. ఆ రసం మీద నల్లటి మసి లాంటి బూజు పట్టవచ్చు, చూడటానికి బాగుండదు గానీ మొక్కకు హాని లేదు. భూతద్దంతో చూసి పిండినల్లి లేదని తేల్చుకుంటే చీమల జోలికి పోనవసరం లేదు.

ఇప్పుడు నీళ్ల సంగతి. చెంచాడు నీళ్ల సలహా ఎందుకు తప్పంటే, ఆ నీరు పై అంగుళాన్ని మాత్రమే తడుపుతుంది. కింద ఉన్న సన్నని వేళ్లు ఎండి చచ్చిపోతాయి. ఆ చచ్చిన వేళ్లున్న మొక్క మీద జులైలో మూడు రోజుల వాన పడిందంటే తాగే వేళ్లు లేక, తడి చుట్టూ నిలిచి, కుళ్లు మొదలవుతుంది. యజమాని మాత్రం, నేను నీళ్లే పోయలేదు, ఎలా కుళ్లింది అంటాడు. పోసినప్పుడు కుండీ అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయాలి. తర్వాత మిశ్రమం పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకూడదు. సన్నటి వెదురుపుల్ల అడుగుదాకా గుచ్చి తీస్తే పొడిగా రావాలి. లేదా కుండీ ఎత్తి చూస్తే బరువే చెబుతుంది.

మన దగ్గర 6 అంగుళాల మట్టికుండీకి స్థూలంగా లెక్క ఇది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వారం పదిరోజులకోసారి. ఏప్రిల్, మేలో ఐదారు రోజులకోసారి, అదీ పొద్దుగూకాక. వానాకాలంలో పైకప్పు కింద ఉంచి రెండు వారాలకోసారి. నవంబరు చివరి నుంచి జనవరి దాకా మూడు నాలుగు వారాలకోసారి, ఉదయం పూట. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో వీటికి మరో మూడు నాలుగు రోజులు కలుపుకోవాలి. ప్లాస్టిక్ కుండీ అయితే ఇంకా కలుపుకోవాలి. ఎండాకాలంలో సాయంత్రం పోయమనడానికి కారణం ఉంది. కాక్టస్‌లు పగలు చర్మం మీది సన్న రంధ్రాలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటాయి. మే నెలలో రాత్రి కూడా 30 డిగ్రీలకు దిగని రోజుల్లో అవి సరిగా తెరుచుకోక ఎదుగుదల ఆగిపోతుంది. ఆ రోజుల్లో ఎరువు వేయడం దండగ, పైగా వేళ్లకు మంట.

నీరు మొక్క మొదలు దగ్గర పోయాలి, నెత్తిన కాదు. మన బోరునీళ్లలో సున్నం ఎక్కువ. ఒంటి మీద పడి ఆరిన ప్రతి చుక్కా తెల్లటి మచ్చ వదులుతుంది. దాన్ని వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో తుడిస్తే మచ్చతోపాటు మైనమూ పోతుంది. వాననీరు డ్రమ్ములో పట్టి పెట్టుకోగలిగితే అంతకు మించింది లేదు. సున్నపురాతి నేల మొక్క కదా అని కుండీలో సున్నం కలిపేవారూ ఉన్నారు. అవసరం లేదు, మన బోరునీరే కావలసినదానికంటే ఎక్కువ తెచ్చిపెడుతుంది. సున్నం మరీ పేరుకుంటే ఇనుము అందక కొత్త చర్మం పసుపుబారుతుంది.

వర్షం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన రాష్ట్రాల్లో ఈ మొక్కలు ఎండకంటే వానకే ఎక్కువ పోతున్నాయి. చిత్రమేమిటంటే, ఇడాల్గోలోనూ మనలాగే వేసవిలో వానలు, చలికాలం పొడి. కాలాలు సరిపోతాయి. కానీ అక్కడ కొండల చాటున పడే వాన కొద్దిపాటి, పడ్డది వాలు మీద జారిపోతుంది, రాత్రి చల్లగా ఉంటుంది. ఇక్కడ అల్పపీడనం పడితే మూడు నాలుగు రోజులు సూర్యుడు కనపడడు, గాలిలో తేమ ఆరదు, రాత్రీ పగలూ వెచ్చగానే ఉంటుంది. కుళ్లు తెగుళ్లకు కావలసింది సరిగ్గా అదే. ఒక్క గంట వాన పడి మరునాడు ఎండ కాస్తే, మిశ్రమం సరైనదైతే ఏమీ కాదు. వరుస ముసురే ప్రమాదం. ఆకుపచ్చ షేడ్‌నెట్ వానను ఆపదు, సన్నటి ధారలుగా చేసి అదే చోట కారుస్తుంది. పారదర్శకమైన పాలికార్బొనేట్ రేకు గానీ, 200 మైక్రాన్ల యూవీ పాలిథిన్ గానీ పైన మాత్రమే కట్టి నాలుగు పక్కలా గాలి వదలాలి. తెలంగాణలో జూన్ నుంచి అక్టోబరు దాకా, అనంతపురం వైపు ముఖ్యంగా సెప్టెంబరులో, నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాలున్నంత కాలం, అంటే డిసెంబరు దాకా ఆ కప్పు ఉండాలి. జూన్‌లో వేసిన రేకును దసరాకు తీసేసి నవంబరు తుపానుకు మొక్కలు పోగొట్టుకోవడం కోస్తాలో మామూలే.

మిశ్రమం విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో శాస్త్రం. నా దృష్టిలో మన దగ్గర దొరికేవాటితో బాగా పనిచేసేది ఇది: శనగగింజంత రాళ్లు లేదా ఇటుక ముక్కలు మూడు పాళ్లు, కడిగిన ముతక ఇసుక ఒక పాలు, బాగా చివికిన ఆకుఎరువు ఒక పాలు, ఎర్రమట్టి అరపాలు. ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వతపు రాయి దొరికితే రాళ్లకు బదులు అది మరీ మంచిది. ఏటి ఇసుక దొరకక రోబోశాండ్, అంటే రాళ్లను యంత్రంతో నలగ్గొట్టి చేసే ఇసుక, వాడేటప్పుడు 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, కిందికి దిగిన పొడి పారేసి, మిగిలింది నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఆ రాతిపొడి ఉంటే కుండీ అడుగున సిమెంటులా గట్టిపడుతుంది. నల్లరేగడి మట్టి చిటికెడు కూడా వద్దు. కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొట్టు, ఈ మొక్కకు పనికిరాదన్నది నా గట్టి అభిప్రాయం. తడిస్తే వారాల తరబడి ఆరదు, ఆరితే ముద్దలా బిగుసుకుని కుండీ గోడ వదిలేస్తుంది, పోసిన నీరు పక్కనుంచి జారిపోయి వేళ్లకు చేరదు. పచ్చిపేడ, వంటింటి వ్యర్థాలు, వాడిన టీపొడి వేస్తే పురుగుల్ని పిలిచినట్టే.

కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు త్వరగా దిగుతుందని అందరూ చెబుతారు. నిజానికి సన్నటి మిశ్రమం కింద పెద్ద రాళ్లుంటే నీరు ఆ సరిహద్దు దగ్గరే ఆగుతుంది, తడి వేళ్లకు మరింత దగ్గరవుతుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్క లేదా జాలీ ముక్క చాలు, ఆపైన మొత్తం ఒకే మిశ్రమం. పైన మాత్రం ఒక సెంటీమీటరు మందాన రాళ్లు పరచాలి, మొదలు పొడిగా ఉంటుంది. తాండూరు బండల ముక్కలో, బేతంచెర్ల బండల ముక్కలో చితక్కొట్టి వేస్తే చూడముచ్చటగా ఉంటుంది, అవీ సున్నపురాయే కాబట్టి మొక్కకు కొత్తేమీ కాదు. కుండీ మొక్క వెడల్పుకంటే చుట్టూ రెండు వేళ్లు ఎక్కువుంటే చాలు. పెద్ద కుండీలో పెడితే త్వరగా పెరుగుతుందనుకోవడం ఇక్కడ చెల్లదు, వేళ్లు లేని మట్టి తడి పట్టుకుని కూర్చుంటుంది. నల్ల ప్లాస్టిక్ కుండీని మే నెలలో డాబా స్లాబు మీద నేరుగా పెడితే వేళ్లు ఉడికిపోతాయి. రెండు ఇటుకల మీద పెట్టాలి.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను వారం పదిరోజుల్లో కుండీ మార్చడం మంచిది, మే నెలా వానాకాలమూ అయితే తప్ప. చాలా మొక్కల వేళ్ల మధ్య బంకమట్టి లేదా కోకోపీట్ ఉండ బిగుసుకుని ఉంటుంది. పైన ఎంత మంచి మిశ్రమం వేసినా ఆ ఉండ ఆరదు. వారం ముందు నుంచి నీళ్లు ఆపి, మొక్కను పీకి, పుల్లతో ఉండను విడదీసి, చచ్చిన వేళ్లు కత్తిరించి, నాలుగైదు రోజులు నీడలో ఆరనివ్వాలి. పొడి మిశ్రమంలో నాటి, మరో వారం తర్వాతే మొదటి నీళ్లు. గాయాలు మానకముందు తడి తగిలితే కుళ్లు అక్కడే మొదలవుతుంది. ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఫిబ్రవరిలో మారిస్తే చాలు. పట్టుకునేటప్పుడు చేతితో కాకుండా నాలుగు మడతలు వేసిన దినపత్రికను పట్టీలా ముళ్ల మీదుగా చుట్టి రెండు కొసలూ పట్టుకుని ఎత్తండి. చేతికీ గాయం కాదు, మైనానికీ మరక పడదు. మీ పత్రికకు ఈ ఉపయోగం కూడా ఉందని చెప్పడానికి సంతోషిస్తున్నాను.

ఎండ విషయంలో రెండు తప్పులూ జరుగుతాయి. గదిలో టీవీ పక్కన పెడితే నెత్తి మొనదేలి, ముళ్లు సన్నబడి, నీలం పోయి పచ్చబడుతుంది. మైనం బాగా పట్టాలంటే బలమైన వెలుతురు ఉండాలి, రోజుకు కనీసం ఐదారు గంటల నేరు ఎండ. ముళ్ల మొక్క ఇంట్లో ఉంటే వాస్తుదోషమని భయపడేవారు నిశ్చింతగా ఉండవచ్చు, ఇది ఎలాగూ ఇంట్లో బతికే మొక్క కాదు. రెండో తప్పు, నర్సరీలో నెట్ కింద పెరిగిన మొక్కను ఏప్రిల్‌లో ఒక్కసారిగా డాబా మీద పెట్టడం. నైరుతి వైపు చర్మం మొదట పాలిపోయి, తర్వాత గోధుమరంగు బెరడులా మారుతుంది. అది జీవితాంతం ఉంటుంది. డిసెంబరులో కొంటే ఎండతోపాటు మొక్కా అలవాటు పడుతుంది. వేసవిలో కొన్నట్లయితే మొదటి వారం ఉదయం తొమ్మిది దాకా, తర్వాత వారానికో గంట చొప్పున పెంచాలి. కుండీ మీద సుద్దముక్కతో ఉత్తరం వైపు గుర్తు పెట్టుకుని, ఎప్పుడు కదిపినా అదే వైపు తిప్పి పెట్టాలి. అలవాటుపడ్డ మొక్కకైనా మన ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో 30 నుంచి 40 శాతం నీడనిచ్చే నెట్ ఉండటం మేలు.

మొక్క అడుగుభాగాన గోధుమరంగు బెరడు రావడం ముసలితనం, రోగం కాదు. పుల్లతో నొక్కితే గట్టిగా ఉంటే వదిలేయండి. మెత్తగా, తడిగా, పసుపు కలిసిన గోధుమరంగులో ఉంటే కుళ్లు. పీపా కాక్టస్‌కు ఎదిగే మొగ్గ నడినెత్తిన ఒక్కటే, కొమ్మలు నరికి నాటుకునే వీలు సాధారణంగా ఉండదు. కుళ్లు కింద మాత్రమే ఉంటే, శుభ్రమైన చాకుతో మచ్చలేని తెల్లటి కండ కనిపించేదాకా పైకి కోసుకుంటూ పోయి, రెండు మూడు వారాలు ఆరబెట్టి, పొడి ఇసుక మీద నిలబెట్టి చూడవచ్చు. ప్రతి కోతకూ చాకును స్పిరిట్‌తో తుడవాలి. అయినా బతికే అవకాశం తక్కువేనని ముందే అనుకోవడం మంచిది.

ఎరువు తక్కువ పడుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మొదటి దాకా, మళ్లీ జులై నుంచి సెప్టెంబరు దాకా, నెలకోసారి, నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19-19-19 ఎరువును లీటరుకు అర గ్రాము కలిపి మామూలు నీళ్లకు బదులు పోస్తే సరి. నత్రజని ఎక్కువైతే ఒళ్లు ఉబ్బి గట్లు చీలుతాయి, కొత్త చర్మం మెత్తగా పచ్చగా వస్తుంది.

కొనేటప్పుడు మోసాలున్నాయి. మామూలు కాక్టస్ మీద నీలం పెయింటు కొట్టి అమ్మడం చూస్తున్నాం. కనిపెట్టడం తేలిక. పెయింటు ముళ్లకూ అంటుతుంది, సహజమైన నీలి కాక్టస్ ముళ్లు పసుపుగానే ఉంటాయి. పెయింటు కొట్టిన మొక్కకు కొన్ని నెలల్లో నెత్తి మీద పచ్చటి కొత్త చర్మం బయటపడుతుంది. రంధ్రాలు మూసుకుపోయి, వెలుతురు అందక చాలావరకు అలాంటివి బతకవు. ఎండుపువ్వులను వేడి జిగురుతో అతికించడం మరో మోసం. అసలు పువ్వు నెత్తి చుట్టూ ఉండే లేత ఏరియోల్ నుంచి పుడుతుంది, కింద జిగురు ఉండదు. మొక్క కింద మూడు పలకల పచ్చటి కాడ కనిపిస్తే అది డ్రాగన్‌ఫ్రూట్ జాతి వేరుమొక్క మీద అంటుకట్టింది. ఆ కాడ కొన్నేళ్లకు చివికిపోవడం మామూలు, కాబట్టి సొంత వేళ్లున్నదే అడిగి తీసుకోండి. ముళ్లే లేని రకమూ ఒకటుంది. పిల్లలున్న ఇంటికి అది బాగుంటుంది, పెంపకమంతా ఒకటే, కాకపోతే అడ్డుకునే ముళ్లు లేవు కాబట్టి అందరూ తడిమి తడిమి మైనం పోగొడతారు.

ఇక పువ్వు. మొక్క నాలుగైదు అంగుళాల వెడల్పుకు వచ్చాక, విత్తనం నుంచి అయితే చాలా ఏళ్లకు, నెత్తిన వలయంలా నిమ్మపసుపు పూలు పూస్తుంది. ఫెరోకాక్టస్‌లలో చిన్న వయసులోనే పూసేవాటిలో ఇదొకటి. చాలా కాక్టస్ పూలు ఒకటి రెండు రోజుల్లో వాడిపోతాయి. ఇవి పగలు విచ్చుకుంటూ వారానికి పైగా నిలుస్తాయి. నీలి చర్మం, పసుపు ముళ్లు, పసుపు పూలు ఒకేసారి చూడాలంటే చలికాలంలో నీళ్లు తగ్గించి మొక్కకు నిజంగా విశ్రాంతి ఇవ్వాలి. ఏడాదంతా ఒకేలా నీళ్లు పోసే ఇళ్లలో పూలు రాకపోవడానికి కారణం అదే. ఇంగ్లండ్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తోటలకు యోగ్యమైన మొక్కగా దీనికి అవార్డ్ ఆఫ్ గార్డెన్ మెరిట్ ఇచ్చింది. అక్కడివాళ్ల బాధ చలి, మన బాధ ముసురు. అమెరికాలో చలి ప్రాంతాల్లో ఉన్న తెలుగువారు మాత్రం శీతాకాలంలో లోపల పెట్టి, నీళ్లు పూర్తిగా ఆపి, వెలుతురున్న కిటికీ దగ్గర ఉంచాలి.

గింజలు కావాలంటే సాధారణంగా వేర్వేరు విత్తనాల నుంచి పెరిగిన రెండు మొక్కలు ఒకేసారి పూయాలి. కుంచెతో పుప్పొడి అటూ ఇటూ మార్చాలి. విత్తడానికి మంచి అదను ఫిబ్రవరి, మార్చి. సన్నగా జల్లించిన మిశ్రమాన్ని తడిపి ప్రెషర్ కుక్కర్‌లో 20 నిమిషాలు ఆవిరి పట్టి చల్లార్చాలి. గింజలను పైన చల్లాలి, మట్టితో కప్పకూడదు, వాటికి వెలుతురు కావాలి. మూత ఉన్న పారదర్శకమైన డబ్బాలో పెట్టి, ఎండ తగలని వెలుతురులో 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచితే ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి. రెండు మూడు నెలలు మూత తీయనవసరం లేదు. తర్వాత రోజుకో పావుగంట చొప్పున తెరిచి ఉంచడం పెంచాలి. ఒక్కసారి తీసేస్తే వడలిపోతాయి. పచ్చటి పాచి పడితే తడి ఎక్కువైందని గుర్తు. ఏడాదికి బఠాణీ గింజంత అవుతాయి, అప్పుడు విడదీయవచ్చు.

విదేశాల నుంచి వచ్చే బంధువుల చేత సూట్‌కేసులో మొక్కో గింజలో తెప్పించుకునేవారు ఒకటి తెలుసుకోవాలి. దాదాపు కాక్టస్ జాతులన్నీ అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందమైన సైటిస్ కింద ఉన్నాయి. మొక్క సరిహద్దు దాటాలంటే ఆ ఒప్పందం కింద అనుమతి కావాలి. మెక్సికో నుంచి ఎగుమతయ్యే కాక్టస్ గింజలకూ మినహాయింపు లేదు. పైగా మన దేశంలోకి ఏ మొక్క, విత్తనం తేవాలన్నా మొక్కల క్వారంటైన్ నిబంధనల కింద దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. దేశంలోనే విత్తనాల నుంచి పెంచిన మొక్కలు దొరుకుతున్నప్పుడు ఈ తిప్పలు అనవసరం.

మీ తోటల పేజీకి నా విన్నపం రెండు ముక్కలు. కాక్టస్ అని ఒక్క మాటలో అన్నిటికీ ఒకే సలహా ఇవ్వకుండా, మైనపు పూత ఉన్నవాటికి నూనె, సబ్బు వద్దని విడిగా రాయండి. నీలి స్తంభంలా పెరిగే పైలోసోసీరియస్‌కూ, మైనపు పూత ఉన్న ఎచెవేరియాలనే దళసరి ఆకుల మొక్కలకూ ఇదే వర్తిస్తుంది. రెండోది, ఏటా మే మూడోవారంలో, నైరుతి రుతుపవనాల వార్త వేసే రోజునే, డాబా మీది కాక్టస్‌లకు పైకప్పు కట్టుకోమని నాలుగు వరుసల పెట్టె వార్త ఒకటి వేయండి. నెల్లూరు, తిరుపతి ఎడిషన్లలో అదే మళ్లీ అక్టోబరు మొదటి వారంలో రావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అనంతపురం